50 కేబీల్లో పట్టే ముఖం

బ్యాంకు పరీక్షకు నోటిఫికేషన్ పడిందంటే నెట్ సెంటర్లలో ఒకటే మాట: "అన్నా, ఫొటో ఎక్కట్లేదు." ఫొటో 20 నుంచి 50 కేబీల మధ్యే ఉండాలి. వెడల్పు 200 పిక్సెళ్లు, ఎత్తు 230. అలా అడిగిన ఒక అమ్మాయి ఫోనులో దిగిన ఫొటో చూస్తే 3 ఎంబీలు. అన్న పెయింట్ తెరిచి, రీసైజ్ నొక్కి, రెండు అంకెలు కొట్టి సేవ్ చేస్తాడు. "అయిపోయిందమ్మా, పది రూపాయలు." ఆ సేవ్ నొక్కుడులో పనిచేసింది యాభై ఏళ్ల నాటి ఒక లెక్క. దాన్ని లోకానికి చెప్పిన ముగ్గురిలో ఒకాయన ఇంటిపేరు కామిశెట్టి.

ఆమె తెచ్చింది 12 మెగాపిక్సెళ్ల ఫొటో అనుకుంటే, అందులో కోటీ ఇరవై లక్షల చుక్కలు. చుక్కకు మూడు రంగులు, రంగుకో బైటు చొప్పున లెక్కకట్టినా 36 ఎంబీలు కావాలి. అది 3 ఎంబీలుగా కనబడుతోందంటే, నెట్ సెంటరు గడప తొక్కకముందే ఫోనే దాన్ని పిండేసిందన్నమాట. అన్న చేసే మొదటి పని వేరు, చుక్కలనే తగ్గించడం. 200 ఇంటూ 230 అంటే 46 వేలు, ఉన్నవాటిలో 260వ వంతు. పిండకుండా దాచినా అవి సుమారు 135 కేబీలే. అందుకే సేవ్‌లో పిండాక ఒక్కోసారి ఫైలు 20 కంటే కిందికి జారిపోయి, "మరీ చిన్నది" అని ఫారం తిప్పికొడుతుంది. పెద్దదైనా తప్పే, చిన్నదైనా తప్పే!

ఇక పిండే లెక్క కథ. నాసిర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, బొమ్మల్ని కొసైన్ అలలుగా విడగొడితే చోటు కలిసొస్తుందని 1972లో పరిశోధన నిధులకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందట! ఆయన మాత్రం వదల్లేదు. శిష్యుడు నటరాజన్‌నీ, టెక్సస్‌లో పాఠాలు చెప్పే మిత్రుడు కామిశెట్టి రామమోహనరావునీ కలుపుకుని పని ముగించారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఒక చిన్న పరిశోధనా పత్రం అచ్చయింది. పెద్దలు మరీ తేలికన్న ఆ లెక్కే ఇవాళ ప్రతి జేపీఈజీ ఫొటోలోనూ ఉంది.

ఆ అమ్మాయి బుగ్గ మీది ఒక ముక్క తీసుకుందాం: ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు, మొత్తం 64 అంకెలు. అహ్మద్ లెక్క వీటిని మరో 64 అంకెలుగా మారుస్తుంది. చారు నోట్లో పోసుకుని ఉప్పెంత, పులుపెంత, మిరియం ఘాటెంత అని విడివిడిగా చెప్పినట్టు. మొదటి అంకె ఆ ముక్క సగటు వెలుగు. తర్వాతవి నెమ్మదిగా మారే నీడలు. చివరివి చదరంగపు గళ్లలా చుక్కచుక్కకూ మారే నలుపుతెలుపులు. బుగ్గ నున్నటిది కాబట్టి ఈ చివరివాటికి అక్కడ పెద్దగా పనుండదు. ఉన్నా మన కన్ను పట్టించుకోదు.

ఇంతవరకూ పోయిందేమీ లేదు. కోత పడేది ఆ తర్వాత. ఒక్కో అంకెనూ ఒక పట్టికలోని సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. జేపీఈజీ ప్రమాణ పత్రంలో నమూనాగా ఇచ్చిన పట్టికలో మొదటి గడిలో 16, చివరి గడిలో 99. మొదటి గడిలో 320 ఉంటే 20 మిగులుతుంది. చివరి గడిలో 40 ఉంటే సున్నా అవుతుంది, మళ్లీ ఎంతతో గుణించినా తిరిగిరాదు. టామ్ లేన్ బృందం 1991లో ఉచితంగా విడుదల చేసిన జేపీఈజీ ప్రోగ్రాంలో నాణ్యత 50 అంటే ఈ పట్టిక ఉన్నదున్నట్టు, 25 అంటే దాని అంకెలన్నీ రెట్టింపు. సగం ఫొటో, పావు ఫొటో అని కాదు. రంగుల మీద ఇంకా పెద్ద కోత పడుతుంది. వెలుగును పట్టినంత నిశితంగా కన్ను రంగును పట్టలేదు కనక, చాలాసార్లు నాలుగు చుక్కలకు కలిపి ఒక్క రంగే దాస్తారు.

మిగిలిన అంకెల్ని ఏటవాలుగా మెలికలు తిప్పుతూ చదివితే సున్నాలన్నీ తోకలో చేరతాయి. "ఇక అన్నీ సున్నాలే" అని ఒక్క గుర్తు పెడితే చాలు. ఆపైన ఎక్కువగా వచ్చే అంకెకు పొట్టి సంకేతం, అరుదైనదానికి పొడుగుది ఇస్తారు. ఈ పద్ధతి డేవిడ్ హఫ్‌మన్‌ది. 1951లో ఎంఐటీలో, పరీక్ష రాస్తారా, వ్యాసం రాస్తారా అని మాస్టారు అడిగితే వ్యాసాన్ని ఎంచుకుని ఆయన దీన్ని కనిపెట్టాడు. పరీక్ష తప్పించుకోవడానికి పుట్టిన ఉపాయం ఇవాళ పరీక్షకు కూర్చునేవాళ్ల ఫొటోలు మోస్తోంది.

వీటన్నిటినీ ఒక పద్ధతిగా కూర్చేందుకు 1986లో ఒక సంఘం ఏర్పడింది, 1992లో ప్రమాణం వెలువడింది. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాలే జేపీఈజీ.

బుగ్గకు కుదిరిన లెక్క సంతకానికి కుదరదు. తెల్లకాగితం మీద నల్లసిరా అంటే ఒక్క అడుగులో వెలుగు నుంచి చీకటికి దూకడం. ఆ అంచు గీయడానికి కావాల్సింది సరిగ్గా మనం సున్నా చేసిన ఆ చివరి అంకెలే. అవి లేకపోయేసరికి గీత చుట్టూ బూడిద మరకలు తేలతాయి. ఒకసారి నేను సంతకం ఫైలు దాని హద్దైన 20 కేబీలకు దిగలేదని, అసలుది పక్కనుండగానే, తగ్గించినదాన్నే మళ్లీ మళ్లీ తగ్గిస్తూ నాలుగుసార్లు సేవ్ చేశాను. ప్రతిసారీ కొత్తగా కోత పడింది. చివరికి 12 కేబీలకు దిగింది, ఫారం ఒప్పుకుంది. హాల్‌టికెట్ మీద చూస్తే నా పేరు చుట్టూ చీమలు పట్టినట్టుంది.