తొలి రికార్డు నుంచి తొలి సజ్దా దాకా

మంచి కంఠం అల్లాహ్ మనిషికి అప్పగించిన అమానత్. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి)కు కలలో అజాన్ పలుకులు తెలిసినప్పుడు, వాటిని బిలాల్ (రజి)కు నేర్పమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. బిలాల్ గొంతు ఎక్కువ దూరం వినిపిస్తుందన్నది అందుకు కారణం. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఖుర్ఆన్ పారాయణం విన్నప్పుడు, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ఇంటివారి స్వరమాధుర్యంలో ఆయనకు పాలు దక్కిందని మెచ్చుకున్నారు. కాబట్టి కంఠాన్ని ఇస్లాం ఏనాడూ చిన్నచూపు చూడలేదు. ఆ కంఠం ఎవరి అధీనంలో ఉంది, దేనికి ఖర్చవుతోంది అన్నదే అసలు ప్రశ్న. లండన్‌లో పుట్టిన ఒక గాయకుని జీవితం ఈ ప్రశ్నకు చక్కని జవాబు. ఆయనే యూసుఫ్ ఇస్లాం.

హోటల్ పైన కాపురం

ఆయన 1948 జూలై 21న జన్మించారు. తండ్రి సైప్రస్‌కు చెందిన గ్రీకు జాతీయుడు, తల్లి స్వీడన్ దేశస్థురాలు. లండన్ నడిబొడ్డున షాఫ్ట్స్‌బరీ అవెన్యూ వద్ద వారికొక హోటల్ ఉండేది. కింద వ్యాపారం, పైన కాపురం. చుట్టుపక్కల అంతా నాటకశాలలు, రాత్రంతా ఆరని దీపాలు. ఆ పిల్లవాడు హోటల్లో వడ్డన చేస్తూ, ఆ సందడి వింటూ పెరిగాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు స్టీవెన్ డిమిట్రీ జార్జియో. పాటల కోసం కాట్ స్టీవెన్స్ అని తానే ఒక పేరు పెట్టుకున్నాడు.

1966లో అతని మొదటి పాట 'ఐ లవ్ మై డాగ్' రికార్డుగా వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 'మాథ్యూ అండ్ సన్' 1967 ఆరంభంలో బ్రిటన్ పాటల పట్టికలో 2వ స్థానానికి చేరింది. ఒక కంపెనీలో గడియారం ముల్లుకు కట్టుబడి, తలెత్తే తీరిక లేకుండా చాకిరీ చేసే ఉద్యోగుల గురించిన పాట అది. అదే పేరుతో 1967 మార్చిలో డెరామ్ కంపెనీ అతని తొలి ఆల్బంను విడుదల చేసింది. పాటలు దాదాపు అన్నీ అతను స్వయంగా రాసి, బాణీ కట్టినవే. ఆల్బం 7వ స్థానం దాకా వెళ్ళింది. అప్పటికి అతని వయసు 18 ఏళ్ళు!

వేదికపై నిప్పు

రికార్డు అమ్ముడుపోవాలంటే గాయకుడు ఊరూరా తిరగాలి. 1967 మార్చి 31న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ అస్టోరియాలో ఆ పర్యటన మొదలైంది. వాకర్ బ్రదర్స్ బృందం, ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్, జిమీ హెండ్రిక్స్, వారితోపాటు మన కుర్రవాడు. ఏప్రిల్ నెలాఖరు వరకు బ్రిటన్ పట్టణాలలో, రోజుకు రెండేసి ప్రదర్శనలు. మొదటి రాత్రే హెండ్రిక్స్ వేదికపై తన గిటారుకు నిప్పంటించాడు. అతని వేళ్ళు కాలాయి. మరునాటి పత్రికలకు కావలసిన వార్త దొరికింది.

ఆ పర్యటన ముగింపు చూడండి. అందరికన్నా పెద్ద పేరున్న వాకర్ బ్రదర్స్ బృందం అది ముగిసిన వెంటనే విడిపోయింది. హెండ్రిక్స్ 1970 సెప్టెంబరులో, 27 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ చప్పట్ల హోరులో నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి మద్యం, పొగ అలవాటయ్యాయి. ఈ సంగతి ఆయనే తరువాత అనేకసార్లు చెప్పుకున్నారు. పాట అతనిదే, కానీ దాని చుట్టూ ఎన్ని వాద్యాలు మోగాలో నిర్ణయించేది మాత్రం ఇతరులు. కంపెనీ చాకిరీ మీద పాట కట్టిన కుర్రవాడే కంపెనీ చాకిరీలో చిక్కుకున్నాడు! అదే ఏడాది చివర వచ్చిన రెండో ఆల్బం విఫలమైంది. కొద్ది కాలానికే క్షయవ్యాధి అతన్ని మంచాన పడేసింది. మృత్యువు అంచుల దాకా వెళ్ళాడు.

నెలల తరబడి పడక మీద ఉన్న ఆ రోజుల్లో చప్పట్లు లేవు, దీపాలు లేవు. నేనెవరిని? చనిపోతే ఎక్కడికి పోతాను? అన్న ప్రశ్నలు మిగిలాయి. కోలుకున్నాక ఆ ప్రశ్నలే పాటలయ్యాయి. 1970 నుంచి వచ్చిన ఆల్బంలు ఆర్భాటం తగ్గించుకుని, ఒక గిటారు, ఒక గొంతుతో లోకాన్ని ఆకట్టుకున్నాయి. మొదటిసారి కన్నా ఎన్నో రెట్లు పేరొచ్చింది. అయినా ప్రశ్న తీరలేదు.

సముద్రం, తరువాత గ్రంథం

1970 దశకం నడుమ అమెరికాలోని మాలిబూ తీరాన ఈదుతూ ఆయన మునిగిపోబోయారు. కాపాడితే నీ కోసం పనిచేస్తానని దేవుణ్ణి వేడుకున్నారు. ఒక అల వచ్చి ఒడ్డు వైపు నెట్టింది. తరువాత ఆయన అన్న డేవిడ్ జెరూసలేం చూసి వచ్చి, దివ్య ఖుర్ఆన్ ప్రతి ఒకటి కానుకగా ఇచ్చారు. సూరె యూసుఫ్ ఆయన హృదయాన్ని కదిలించింది. బావిలో పడి, సంతలో అమ్ముడుపోయి, చివరికి అల్లాహ్ కృపతో గౌరవం పొందిన ప్రవక్త గాథ అది. సంతలో అమ్ముడుపోవడం అంటే ఏమిటో ఆ గాయకునికి వేరే చెప్పాలా? 1977 డిసెంబరులో షహాదా పలికారు. 1978లో యూసుఫ్ ఇస్లాం అయ్యారు. 1979 నవంబరులో వెంబ్లీలో, యునిసెఫ్ బాలల సహాయార్థం చివరిసారి పాడి, వేదిక దిగిపోయారు.

నైతికంగా మంచివైన పాటలు పాడుకోవచ్చని మసీదు ఇమాం తనతో అన్నట్లు ఆయనే చెప్పారు. అయినా సందేహం ఉన్న చోటికి పోకపోవడమే మేలని మానుకున్నారు. పాత పాటల రాబడిని మాత్రం దీన్ పనులకు, చదువులకు మళ్ళించారు. 1983లో లండన్‌లోని బ్రెంట్‌లో ఇస్లామియా ప్రాథమిక పాఠశాల స్థాపించారు. 1998లో ప్రభుత్వ నిధులు పొందిన బ్రిటన్ తొలి ముస్లిం పాఠశాలలలో అది ఒకటి. పిల్లలకు పాఠాలు చెప్పుకునే మా వంటివారికి, ఆయన సాధించిన బంగారు రికార్డులన్నిటికన్నా ఆ తరగతి గదులే విలువైనవిగా తోస్తాయి.

1995లో దైవప్రవక్త (సల్లం) జీవితాన్ని తన గొంతుతో వినిపిస్తూ ఒక ఆల్బం తెచ్చారు. 2006లో గిటారుతో తిరిగి పాటలకు వచ్చారు. ఇందులో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. వాద్యాలు కూడదనేవారున్నారు, దఫ్ వరకు అనుమతించేవారున్నారు, హద్దులతో అంతకు మించి ఒప్పుకునేవారూ ఉన్నారు. ఆ తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి, భిన్నంగా తలచే సోదరుణ్ణి నిందించకండి.

మరొక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. తొలి ఆల్బంలోని 'ఐ లవ్ మై డాగ్' బాణీని అమెరికా సంగీతకారుడు యూసుఫ్ లతీఫ్ రచన నుంచి తీసుకున్నట్లు ఆయన తరువాత ఒప్పుకుని, రాయల్టీలో వాటా ఇచ్చారు. హఖ్ అంటే ఇదే. ఎన్నేళ్ళు గడిచినా ఇతరుల హక్కు హక్కే.

మన ఇళ్ళలో

మీలాద్ సభలలో నాత్ చదివి అందరినీ మెప్పించే పిల్లలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అలాంటి బిడ్డను చూసి కొందరు తల్లిదండ్రులు భయపడి గొంతు నొక్కేస్తారు. మరికొందరు మురిసిపోయి పోటీల వెంట, కెమెరాల వెంట తిప్పుతారు. పద్దెనిమిదేళ్ళకే లోకం ఇచ్చిన చప్పట్లు ఒక కుర్రవాణ్ణి ఎక్కడికి చేర్చాయో చూశాం కదా! ముందు ఆ గొంతుకు ఖుర్ఆన్ తజ్వీద్ నేర్పండి. ఫజర్ అజాన్ ఇచ్చే అవకాశం ఇప్పించండి. చదువు ఆగకుండా చూడండి. ఈ స్వరం ఎవరిచ్చారు నాయనా, రేపు దాని లెక్క ఎవరడుగుతారు అని ప్రేమగా గుర్తుచేయండి. ఆ సంగతి ఎరిగిన బిడ్డను ఏ సంతా కొనలేదు.

అల్లాహ్ మన బిడ్డల స్వరాలను సన్మార్గంలో వినియోగింపజేయుగాక! ఆమీన్.