కారు అమ్మాం సరే, ఇన్సూరెన్స్ సంగతేమిటి?

పోయిన వారం పాత కారు కొనేటప్పుడు చూసుకోవలసిన విషయాలు చెప్పుకున్నాం కదా. ఆ కార్యక్రమం విని ఒక శ్రోత ఫోన్ చేసి, "అమ్మేవాళ్ళకి జాగ్రత్తలేమీ అక్కర్లేదాండీ?" అని అడిగారు. ఎందుకక్కర్లేదు! అవి తెలియక నేను మూడు నెలలు నిద్రలేకుండా గడిపాను. నేను ఇన్సూరెన్స్ ఏజెంటునీ కాను, లాయర్నీ కాను. దెబ్బతిని నేర్చుకున్నవాణ్ణి, అంతే.

కొన్నేళ్ళ క్రితం శాన్ హోసేలో ఉండగా మా పాత కామ్రీ అమ్మకానికి పెట్టాను. ఎమ్మెస్ చదువుకుంటున్న మన తెలుగబ్బాయి ఒకడు వచ్చి చూసుకున్నాడు. మా జిల్లావాడే. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేసి, చెక్కు ఇచ్చాడు. నేను పింక్ స్లిప్ మీద సంతకం చేసి తాళాలు చేతిలో పెట్టాను. "అన్నా, ఈ వారంలోనే డి.ఎమ్.వి.కి వెళ్ళి నా పేరు మీదకి మార్పించేసుకుంటాను" అన్నాడు. సరేనన్నాను. ఆ రాత్రే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి పాలసీ రద్దు చేయించాను. లేని కారుకి ఒక్కరోజు కూడా డబ్బు కట్టడమెందుకని నా తెలివి!

నెల తిరక్కుండా బే బ్రిడ్జి టోలు నా ఖాతాలో పడింది. పోనీలే, చిన్న మొత్తమే కదా అనుకున్నాను. తర్వాత పార్కింగ్ టికెట్ వచ్చింది. ఆ తర్వాత వచ్చింది అసలు ఉత్తరం. నా పేరు మీద ఉన్న కారు ఫలానా తేదీన ఒక కారుని వెనకనుంచి గుద్దిందనీ, అందులో ఉన్నావిడకి మెడకి దెబ్బ తగిలిందనీ, నా ఇన్సూరెన్స్ వివరాలు పంపమనీ అవతలివాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీ రాసింది. నాకు పాలసీ ఏదీ? పాలసీ ఉండి ఉంటే కనీసం ఆ ఉత్తరం వాళ్ళ చేతికిచ్చి, నా తరఫున మీరు జవాబు చెప్పండని అడిగే వీలుండేది.

అబ్బాయికి ఫోన్ చేశాను. పరీక్షల హడావిడిలో డి.ఎమ్.వి.కి వెళ్ళనే లేదట. "మరి ఇన్సూరెన్స్?" అనడిగితే అమాయకంగా, "అదేంటన్నా, కారుతోపాటు వచ్చింది కదా! కార్డు డాష్‌బోర్డు అరలోనే ఉంది" అన్నాడు. ఆ కార్డు నాదే. తీసెయ్యడం మర్చిపోయాను.

వాణ్ణి కోప్పడలేకపోయాను. వాడికి తెలిసింది మన దేశపు పద్ధతి. అక్కడ 1988 నాటి మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే ఇన్సూరెన్స్ కూడా కొన్నవాడి పేరు మీదకి మారినట్టే లెక్క. 14 రోజుల్లో కంపెనీకి తెలియజేసి రికార్డుల్లో పేరు మార్పించుకోవాలి. ఇక్కడ అలా కాదు. ఇక్కడ పాలసీ మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. కారు వెళ్ళిపోయినా అది మీ దగ్గరే ఉంటుంది. కొన్నవాడు తన పాలసీ తను తీసుకోవాల్సిందే.

ఇంతకీ నన్ను గట్టెక్కించింది మా ఆవిడ. సంతకాలైన పింక్ స్లిప్‌నీ, చెక్కునీ ఆ రోజే ఫోటో తీసి ఉంచింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం బండిని నిజంగా అమ్మి అప్పగించి, సంతకం చేసిన టైటిల్ కొన్నవాడికి ఇచ్చినా, లేదా డి.ఎమ్.వి.కి అమ్మకం నోటీసు పంపినా, ఆ తర్వాత ఆ బండి వల్ల జరిగినదానికి పాత యజమాని బాధ్యుడు కాడు. కానీ ఆ సంగతి నిరూపించుకోవలసింది మనమే. నోటీసు పంపి ఉంటే ఒక్క కాగితంతో తేలిపోయేది. పంపలేదు కనుక మూడు నెలలు ఉత్తరాలు, ఫోన్లు.

అంచేత నేను చెప్పేది ఒక్కటే: ముందు నోటీసు, తర్వాతే రద్దు. వరస చెబుతాను, కాగితం మీద రాసుకోండి.

మొదటిది, తాళాలు ఇచ్చేముందే కొన్నవారిని మీ ఎదుటే తమ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఈ కారుని చేర్చమనండి. కాలిఫోర్నియాలో కనీస కవరేజి 2025 జనవరి 1 నుంచి పెరిగింది: ఒక మనిషికి దెబ్బ తగిలితే 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000.

రెండోది, అమ్మిన తేదీ, మైలేజి, ధర, ఇద్దరి పేర్లు, చిరునామాలు రాసి సంతకాలు చేసుకోండి. టైటిల్ రెండు వైపులా ఫోటో తీసుకోండి.

మూడోది, అయిదు రోజుల్లోగా డి.ఎమ్.వి.కి అమ్మకం నోటీసు పంపండి. ఇంటర్నెట్‌లో పది నిమిషాల పని. పంపినట్టు వచ్చిన పేజీ దాచుకోండి. పేరు మార్పించుకోడానికి కొన్నవాడికి పది రోజులు గడువుంది, కానీ మీ నోటీసు వాడి కోసం ఆగక్కర్లేదు.

నాలుగోది, ఫాస్ట్‌ట్రాక్ పరికరం కారులోంచి తీసెయ్యండి. ఖాతాలోంచి ఆ నంబరు కూడా తీసెయ్యండి. ఇక్కడ మామూలు నంబరు ప్లేట్లు కారుతోనే పోతాయి కనుక, నంబరు ఖాతాలో ఉన్నంతకాలం టోలు మీకే పడుతుంది. మీ ఇన్సూరెన్స్ కార్డు కూడా తీసుకోండి.

ఇవన్నీ అయ్యాకే అయిదోది, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఇంకో కారుంటే పాలసీ రద్దు చెయ్యక్కర్లేదు, అమ్మిన కారుని మాత్రం తీయించండి. ముందుగా కట్టిన డబ్బులో మిగతా రోజులది వెనక్కి వస్తుంది. కొన్ని కంపెనీలు కొంత కోసుకుంటాయి, ముందే అడగండి. నెలనెలా కట్టేవాళ్ళు బ్యాంకులో చెల్లింపు ఆపేస్తే చాలనుకోకండి. అది రద్దు చేయడం కాదు, డబ్బు ఎగ్గొట్టడం కిందకి వస్తుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్న శ్రోతలకి ఒక మాట. న్యూయార్కులో నంబరు ప్లేట్లు డి.ఎమ్.వి.కి అప్పగించాకే ఇన్సూరెన్స్ ఆపాలి, లేకపోతే జరిమానా పడుతుంది. టెక్సాస్‌లో అమ్మకం నోటీసుకి 30 రోజుల గడువుంది. మీ రాష్ట్రం పద్ధతి కనుక్కోండి.

ఇండియా తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు మరీ జాగ్రత్త. విమానం ఎక్కే రోజు ఎయిర్‌పోర్టులో తాళాలిచ్చేసి వెళ్ళేవాళ్ళని చూశాను. అక్కణ్ణుంచి ఈ ఉత్తరాలకి ఎవరు జవాబు చెబుతారు? కారు అమ్మేసినా ఇక్కడే ఉండి అప్పుడప్పుడు స్నేహితుల కారు నడిపేవాళ్ళయితే, సొంత కారు లేనివాళ్ళకి ఇచ్చే పాలసీ ఉంటుంది, దాని గురించి అడగండి.

చివరికి నా పేరు ఆ కేసులోంచి తీసేశారు. అబ్బాయి మాత్రం లైసెన్సు సస్పెండయి, ఆ నష్టం తనే వాయిదాల్లో కట్టుకున్నాడు. నేను తప్పించుకున్నానన్న సంతోషం కన్నా, ఆ ఆదివారం భోజనం పెట్టినవాణ్ణి ఇంకో పావుగంట కూర్చోబెట్టి వాడిచేత ఆ ఒక్క ఫోను చేయించి ఉంటే బాగుండేదన్న బాధే ఇప్పటికీ ఎక్కువ. మీరు అమ్మేటప్పుడు ఆ పావుగంట ఇవ్వండి. సెలవు.