గాటు వెంట చీలు రేకు

కల్యాణదుర్గము ప్రాంతము నుండి ఒక పాఠకుడు వ్రాసిన ఉత్తరములో, వేరుసెనగ ధరను గూర్చియు, రాని వానను గూర్చియు రెండు పుటల నిట్టూర్పులు ముగిసిన పిమ్మట, చివరి మూలలో ఇఱికించి వ్రాసిన ప్రశ్న యొకటి నన్ను పట్టుకొని విడువకున్నది. పాల ప్యాకెట్టును చేతితో చించబోయినచో చీలిక వంకర తిరిగి, పోను పోను సన్నగిల్లి, తుదకు మొనదేలి తెగిపోవుచుండగా, కువైటు నుండి అల్లుడు తెచ్చిన మాంసపు డబ్బా చుట్టునున్న రేకుపట్టీ మాత్రము చిన్న తాళపుచెవికి చుట్టుకొనుచు మొదటి నుండి తుదిదాక ఒకే వెడల్పున ఎట్లు ఊడివచ్చినదని ఆయన సందేహము. ప్లాస్టికు కంటె ఉక్కు గట్టిది గదా, గట్టిది చెప్పినట్లు వినుటయు మెత్తనిది మొండికెత్తుటయు ఏమి న్యాయమని కూడ అడిగినారు. ఈ ప్రశ్నలో ఒక శతాబ్దపు పదార్థ విజ్ఞానము దాగియున్నది కావున, ఈ నెలకు తలపెట్టిన తోకచుక్కల వ్యాసమును ప్రక్కకు నెట్టి దీనినే చేపట్టితిని.

చరిత్రను నాలుగు మాటలలో ముగింతును. గాజుసీసాలలో ఆహారమును మూసి వేడినీటిలో ఉడికించి నిలువచేయు విధానమును ఫ్రాన్సు దేశపు నికొలా అపేరు 1810లో ప్రకటించి ఆ ప్రభుత్వము నుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందెను. అదే సంవత్సరమున లండనులో పీటర్ డ్యురాండ్ అనునతడు తగరపు పూత గల ఇనుపరేకు డబ్బాను కూడ చేర్చి పేటెంటు తీసికొనెను. 1813 నాటికి బ్రయాన్ డాంకిన్, జాన్ హాల్ అనువారు బెర్మాండ్సీలో కర్మాగారము పెట్టి సైన్యమునకును నౌకాదళమునకును డబ్బాలు పంపసాగిరి. డబ్బా పుట్టినది గాని దానిని తెరచు సాధనము పుట్టలేదు. 1824లో ఉత్తరధ్రువ సముద్రములకు బయలుదేరిన పారీ అను నావికుని నౌకలలోని మాంసపు డబ్బాపై, ఉలియు సుత్తియు తీసికొని పైమూత అంచు వెంబడి కోయవలసినదను సూచన యుండెను. ఇంగ్లండులో రాబర్ట్ యేట్స్ 1855లో, అమెరికాలో ఎజ్రా వార్నర్ 1858లో డబ్బాకత్తులను రూపొందించువఱకు, మూయుట తమ ధర్మము, తెరచుట కొన్నవాని కర్మము అను భావముతోనే తయారీదారులు సుమారు అర్ధశతాబ్దము గడిపిరి. న్యూయార్కు వాస్తవ్యుడు ఓస్టర్‌హౌట్ 1866లో తాళపుచెవితో తెరచు డబ్బాకు పేటెంటు పొందుటతో తెరచు ఉపాయము డబ్బాలోనికే వచ్చి చేరినది.

ఆ ఉపాయమంతయు గాటులో నున్నది. డబ్బా రేకు మందము సుమారు 0.2 మిల్లీమీటరు, దాని చుట్టును, ఒకదానికొకటి సమాంతరముగా, రెండు గాట్లు నొక్కబడి యుండును, వాని నడిమి పట్టీ కొస నాలుకయై బయటికి పొడుచుకొని యుండగా, తాళపుచెవి చీలికలో ఆ నాలుకను దూర్చి త్రిప్పినచో పట్టీ లేచివచ్చును. గాటు రేకును కోయదు. మందములో చాల భాగమును నొక్కివేసి, మూడవ వంతో అంతకు కొంచెము ఎక్కువయో మిగుల్చును. పలుచనైనచోట చినుగుననుటలో వింత యేమున్నదని తొందరపడువారుందురు. పలుచదనము తేలికగా చినుగుటకు కారణము చెప్పును గాని, తిన్నగా చినుగుటకు చెప్పదు; మన పాఠకుడు అడిగినది రెండవదానిని గూర్చి.

మొదట చీలిక స్వభావము తెలియవలెను. పలకను లాగినపుడు ఆ బలము దాని అడ్డుకోతయందంతట సమముగా పంచుకొనబడుననియు, చిన్న రంధ్రమో గీతయో ఉన్నచో తొలగిన లోహము మేరకే పలక బలహీనపడుననియు వెనుకటి యంత్రశిల్పులలో పెక్కురు లెక్క వేసికొనుచుండిరి. ఆ లెక్క ఎంత తప్పో 1913లో కేంబ్రిడ్జి అధ్యాపకుడు ఇంగ్లిస్, ఓడల నిర్మాతల సభకు సమర్పించిన పత్రమున గణితముచే చూపెను. గుండ్రని రంధ్రపు అంచున బలము సగటుకు 3 రెట్లగును. లాగు దిక్కునకు అడ్డముగా, వెడల్పునకు 10 రెట్ల పొడవు గల దీర్ఘవృత్తాకార రంధ్రపు కొనయందు 21 రెట్లగును. మొన ఎంత సన్ననిదైన విపత్తు అంత పెద్దది. అయితే ఈ లెక్కను తుదివఱకు లాగినచో ఒక చిక్కు వచ్చి పడును: మొన మిక్కిలి సూక్ష్మమైనచో అక్కడి బలము అనంతమగును, అప్పుడు గీతపడిన ప్రతి గాజుపలకయు వ్రేలు తాకగనే పగులవలెను, పగులుట లేదు.

ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనాలయమున పనిచేయుచుండిన గ్రిఫిత్ అను యువకుడు 1920లో ఈ చిక్కును విప్పెను. మొనవద్ద బలమెంత యని వెదకుట మాని, చీలిక ఇంచుక ముందునకు సాగినచో విడుదలయగు శక్తి యెంత, క్రొత్త అంచులు పుట్టించుటకు అగు వ్యయమెంత యని లెక్క చూడవలెననెను. మొదటిది రెండవదానిని మించినప్పుడే చీలిక సాగును. గాజు విషయమున ఇది చక్కగా సరిపోయెను. లోహము వారు మాత్రము దీనిని తమకు పనికిరాని సిద్ధాంతముగా చాలకాలము త్రోసిపుచ్చిరి, ఏలయన లోహము చీలుటకు మున్ను సాగి నలిగి, ఆ నలుగుటలోనే అత్యధికమైన శక్తిని తినివేయును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వెల్డింగుతో త్వరత్వరగా కట్టిన అమెరికా ఓడలలో కొన్ని చలిసముద్రములలో నడిమికి విరిగిపోవుట కన్నులార చూచిన పిదప గాని వారికి శ్రద్ధ పుట్టలేదు. నలుగుటకగు వ్యయమును కూడ లెక్కలో చేర్చినచో గ్రిఫిత్ సూత్రము ఉక్కునకును చెల్లునని అమెరికా నౌకాదళ పరిశోధనాలయమునకు చెందిన ఇర్విన్ యుద్ధానంతర దశాబ్దమున స్థాపించెను.

ఇప్పుడు పాల ప్యాకెట్టు సంగతి చూతము. ఒక కాగితమునో పాలిథీను రేకునో తీసికొని, అంచున రెండు చోట్ల కొద్దిగా కత్తిరించి, నడిమి పట్టీని పైకెత్తి వెనుకకు లాగి చూడుడు. చీలికలు రెండును ఒకదానివైపు ఒకటి ఒరుగుచు పోయి, ఒక్కచోట కలిసికొని, చేతిలో త్రికోణపు ముక్క మిగులును. చేయి వణకుటచేతనో, రేకులోని లోపముచేతనో ఇట్లగునని మనకు తోచును; ఆ తలపు పొరపాటు. పట్టీని వెనుకకు లాగినప్పుడు దాని మొదట ఒక మడత ఏర్పడును. వంగిన ఆ మడతలో శక్తి నిలువయుండును. మడత ఎంత వెడల్పైన నిలువ అంత హెచ్చు. చీలికలు తిన్నగా సాగినచో మడత అంతే వెడల్పున నిలుచును. లోపలికి ఒరిగినచో మడత కుదించుకొనిపోయి శక్తి కొంత విడుదలయగును. గ్రిఫిత్ లెక్క ప్రకారము లాభము గల దారి అదే గనుక చీలికలు లోపలికే ఒరుగును. సినిమా పోస్టరును గోడనుండి ఊడబెరుకువారికిని, టేపు కొసను గోటితో లేపువారికిని ఇదే గతి. హామ్, రైస్, లెబ్లాంక్, రోమాన్, సెర్డా అను ఐదుగురు శాస్త్రజ్ఞులు 2008లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో, ఆ త్రికోణపు కోణమును రేకు వంగుటలోని బిఱుసుతోను, చినుగుటకగు శక్తితోను, జిగురు పట్టుతోను ముడిపెట్టు సూత్రమును ప్రకటించి, త్రికోణమును కొలిచి ఆ గుణములలో తెలియనిదానిని లెక్కకట్టవచ్చునని చూపిరి. కోపముతో విసరివేయు ముక్క పరిశోధనాలయపు కొలమానమైనది! ఇంతటి సంతోషకరమైన విషయము పాఠశాల పుస్తకములలో ఒక్కదానియందైనను చోటు చేసికొనకుండుట నాకు బోధపడదు.

మాంసపు డబ్బా పట్టీకిని ఈ లోపలి లాగుడు తప్పదు. అక్కడను మడత కలదు. కాని గాటు విడిచి ప్రక్కకు అడుగు పెట్టదలచిన చీలిక ఒక్కసారిగా మూడు రెట్ల మందమును ఎదుర్కొనవలెను. పలుచని లోహపు రేకులలో మందము పెరిగినకొలది, చీలవలసిన లోహము మాత్రమే కాక, దాని ప్రక్కన సాగి నలుగు ప్రదేశము కూడ విస్తరించును గాన, మూడు రెట్ల మందమును చీల్చుటకగు వ్యయము మూడు రెట్లతో ఆగదు. మడత కుదింపువలన వచ్చు లాభము ఆ వ్యయమునకు చాలదు. అందుచే, గట్టు విడిచి దుక్కిలోనికి దిగిన ఎద్దు మొదటి సాలును వదలనట్లే, చీలిక గాటును వదలదు. ఉక్కు చూపిన విధేయతకంతకును ఈ కొలిచి పెట్టిన బలహీనతయే హేతువు.

పట్టీని చేతితో లాగక చెవికి చుట్టుటలో గూడ యుక్తి కలదు. చుట్టినప్పుడు బలము ఎల్లప్పుడును చినుగు అంచునకు దగ్గఱనే పడును. పదునైన పట్టీ అంచులు చుట్టలో చిక్కి వ్రేళ్లకు తగులవు. చిక్కెక్కడననగా, చుట్టినకొలది చుట్ట లావై, చెవి త్రిప్పు చేతికి లభించు మీటబలము తగ్గుచు వచ్చును. చెవి ఓరగా తిరిగినచో చుట్ట ఒక వైపునకు జాఱి, బలమంతయు ఒకే గాటుపై పడి, రెండవ చీలిక దారి తప్పును. అటుపై మరల ఉలియు సుత్తియే శరణ్యము.

గాటు వేయు పని చూచినచో గౌరవము ఇంకను పెరుగును. ప్రెస్సులో క్రింది డైమీద రేకు నుంచి, పైనుండి గాటు పనిముట్టుతో నొక్కుదురు. ఆ పనిముట్టు కత్తివంటి వాడి గలదని తలచుట సహజమే గాని, దాని కొన చదునుగా నుండును. అది లోహమును కోయక ఇరుప్రక్కలకు త్రోయును. త్రోయబడిన లోహపు ఒత్తిడికి గాటు అడుగున కంటికి కానరాని పగుళ్లు పుట్టవచ్చును గాన, అసలు గాటు ప్రక్కనే, దానికంటె తక్కువ లోతున, రెండవ గాటు నొకటి వేసి ఆ ఒత్తిడిని పంచుదురు. తెరచుటకు పనికిరాని ఆ రెండవ గీతను రింగు పట్టి లాగి తెరచు అనేక రింగుమూతలపై కంటితో చూడవచ్చును. ఈ పరిశ్రమయంతటను నాకు మిక్కిలి నచ్చినది అదే. ఉక్కు మూతలో గాటు అడుగున మిగులు మందము 0.07 మిల్లీమీటరు ప్రాంతమున ఉండును. అది కొంచెము ఎక్కువైనచో రింగు తెగి చేతికి వచ్చును. తక్కువైనచో వంట వేడిమిలోనో లారీ కుదుపులోనో మూత తనంత తానే నోరు తెరచును. గంటల తరబడి నడచిన ప్రెస్సు వేడెక్కి వ్యాకోచించుటయే ఆ లోతును మార్చుటకు చాలును. గాటు పడినచోట తగరపు పూతయు లాకరు పొరయు చెదిరిపోవును గాన, గీత వెంబడి మరల లాకరు పూయవలెను. పూయనిచో తెరచు పని తుప్పు చేయును.

రింగుమూత కథలో ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరవాసి యగు ఎర్మల్ ఫ్రేజ్ పేరు చెప్పక తప్పదు. 1959లో వనభోజనమునకు పోయి, డబ్బాకత్తి మఱచి, కారు బంపరుతో డబ్బా తెరువవలసి వచ్చిన నాటి నుండి ఆయనకీ పట్టుదల కలిగెనందురు. రింగును మూతకు ఎట్లు బిగింపవలెననునదే అసలు సమస్య. రంధ్రము చేసి రివెట్ కొట్టినచో డబ్బా కారును. ఫ్రేజ్ మూత లోహమునే చిన్న బుడగగా పైకి లాగి, రింగు కన్నములో దానిని దూర్చి, తల నలుగగొట్టెను. మూతకు చిల్లు లేదు, వేరు మేకు లేదు. 1962లో పిట్స్‌బర్గ్ బీరు డబ్బాలపై ఆ మూత బజారునకు వచ్చినది. ఊడిన రింగులు సముద్రతీరములందు పాదములు కోయసాగగా, రెనాల్డ్స్ సంస్థకు చెందిన డేనియల్ కుడ్జిక్ చేసిన ఊడని రింగు 1975లో వచ్చినది.

దీనివలన మన సీమకు ఒనగూడిన ప్రయోజనమేమని అడిగినచో, సంతోషముగా చెప్పదగినది కొంచెమే. చిత్తూరు ప్రాంతమున తోతాపురి మామిడి గుజ్జును 3.1 కిలోల డబ్బాలలో నింపి విదేశములకు పంపు కర్మాగారములు పెక్కు గలవు. ఆ డబ్బా మూతను వాడుకలో 603 అందురు, అనగా అడ్డుకొలత 6 అంగుళముల మీద 16లో 3 వంతులు. గుజ్జు పులుపు గలది గాన మరుగునీటి వేడియే దానికి చాలును. మాంసమునకు వలె 121 డిగ్రీలు అక్కరలేదు, కాబట్టి గాటుపై పడు లోపలి ఒత్తిడియు తక్కువే. అయినను ఆ మూతకు రింగు అరుదు. కొనువారు పానీయములు చేయు కర్మాగారముల వారు, వారికి డబ్బా కోయు యంత్రములు కలవు. పైగా గుజ్జు నేడు చాలవఱకు 200 కిలోలకు పైబడి పట్టు పీపాలలో, క్రిమిరహితమైన సంచులలో పోవుచున్నది. అక్కడ గాటునకు తావే లేదు.

అనంతపురము వారికి చిరపరిచితమైన డబ్బా వేఱు: 15 కిలోల చదరపు నూనెడబ్బా. ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే వాన కురియు ఈ పీఠభూమిలో, నూనె అయిపోయిన పిదప పైరేకు కోసి, అడ్డముగా కఱ్ఱ బిగించి, కావడికి రెండు తగిలించి నీళ్లు మోసిన తరములు గలవు. ఉలితో కోసిన ఆ పైఅంచు కోయని అరచేయి ఆ తరములలో అరుదు. శీతలపానీయపు నాలుగు గుక్కలకు చూపిన శ్రద్ధలో పదియవ వంతైనను పరిశ్రమ ఈ డబ్బాపై చూపలేదు. గాటు వేసినను చచ్చౌకపు మూలవద్ద చీలిక తిరుగక సూటిగా పోవజూచుననుట నిజమే. సార్డీను చేపల డబ్బాలవారు మూలలు గుండ్రముగా చేసి ఆ చిక్కును ఎన్నడో దాటిరి. పైరేకు నాలుగంచుల వెంబడి ఒక గాటు, ఊడిన పిదప చేయి కోయకుండ లోపలికి మడిచిన అంచు, ఇంతకు మించి అడుగుట లేదు. డబ్బా తయారీదారులు ఈ మాట ఆలకింతురు గాక.