రాధామనోహరం గింజలో మందు

రాధామనోహరం ఒకే గుత్తిలో మూడు రంగులు చూపిస్తుంది గానీ, పూసేది మాత్రం తెల్లగానే. సాయంత్రం విచ్చుకున్న తెల్లపువ్వు మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆపై ఎర్రబడి కిందికి వాలిపోతుంది. ఎర్రపువ్వంటే ముసలిపువ్వన్నమాట!

పువ్వు వెనక కాడలా కనిపించేది నిజానికి సన్నటి గొట్టం, దాదాపు వేలెడు పొడవు. తేనె దాని అడుగున ఉంటుంది. రాత్రి పువ్వు వాసనకి పొడవాటి తొండం ఉన్న చిమ్మటలు, అంటే హాక్‌మాత్‌లు వస్తాయి. రంగు మారాక పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు చేరతాయి.

తీగ పాకడానికి నులితీగలు లేవు. ఆకు రాలినా దాని తొడిమ మొదలు రాలదు. ఎండి, వంగిన ముల్లయి పక్కకొమ్మను పట్టుకుంటుంది. కత్తిరించేటప్పుడు చేతులు గీరుకుపోయేది దీనివల్లే.

చుట్టరికం చూస్తే, త్రిఫలాల్లో ఉసిరి తప్ప మిగతా రెండూ, అంటే కరక్కాయ, తానికాయ, దీని కుటుంబానివే. తెల్లమద్ది, వీధి బాదంచెట్టు కూడా.

మనకిది పందిరి పువ్వు. చైనాలో మాత్రం మందుల కొట్టు సరుకు. అయిదు అంచులున్న కాయలోని గింజను పిల్లల కడుపులో ఏలికపాములు పడిపోవడానికి తరతరాలుగా వాడుతున్నారు. గువో షిజున్ అనే వైద్యుడు దీన్ని పిల్లలకిచ్చేవాడని అక్కడ కథ చెబుతారు. ఫిలిప్పీన్స్‌లో ఇది నాటువైద్యానికే పరిమితం కాలేదు, అక్కడి ఆరోగ్యశాఖ సిఫారసు చేసిన 10 మూలికల్లో ఒకటైంది. గింజ కొబ్బరి రుచిగా ఉంటుంది కాబట్టి పిల్లలకి తినిపించడం పెద్ద కష్టం కాదు.

గింజలోని క్విస్‌క్వాలిక్ ఆమ్లం నరాలు వాడుకునే గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది. అది పురుగు నరాలమీద పనిచేసి దాన్ని చచ్చుబడేలా చేస్తుంది, పట్టు తప్పిన పురుగు బయటికి పోతుంది. మెదడు పరిశోధకులకు కూడా ఈ ఆమ్లం పాత నేస్తమే. విచిత్రమేమిటంటే, ఏ సంబంధమూ లేని జెరేనియం పూరేకుల్లోనూ ఇదే ఉంది. వాటిని తిన్న జపనీస్ బీటిల్ కాసేపు కాళ్లూ చేతులూ ఆడక పడిపోతుంది.

మోతాదు మించితే వెక్కిళ్లు, వాంతులు పట్టుకుంటాయి. ఇంట్లో ప్రయోగాలు వద్దు, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఉండనే ఉంది. అయినా మన పెరళ్లలో ఈ తీగకు కాయ కనిపించడమే అరుదు. ముద్దపూల రకం వేసుకుంటే ఆ ఆశ అసలే పెట్టుకోనక్కర్లేదు.