శూన్యపరీక్షతో దోషము తీరునా?

కంప్యూటరు ప్రోగ్రాములలో దొరలు దోషములందు మిక్కిలి సామాన్యమైన దొకటి గలదు. వస్తువున్నదని నమ్మి ప్రోగ్రాము చేయి చాపును, అచట ఏమియు నుండదు, వెంటనే కూలును. ఈ శూన్యమునకు 'నల్' అని పేరు. 1965లో ఆల్గాల్ డబ్ల్యు అను భాషకై దీనిని కల్పించిన టోనీ హోర్ పండితుడే 2009లో దానిని తన నూరుకోట్ల డాలర్ల పొరపాటని చెప్పుకొనెను.

చికిత్స సులభము. "శూన్యమైనచో దాటిపొమ్ము" అని ఒక్క పంక్తి చేర్చినచో ప్రోగ్రాము కూలదు. కాని యా వస్తువు శూన్యమేల యయ్యెను?

మార్కుల పట్టీనే చూడుడు. ఒక బాలుని పేరున కెదురుగా గణితపు గడి ఖాళీగా నున్నది. దానిని విడిచి మొత్తము వేసినచో పట్టీ పూర్తియగును. బాలుడు పరీక్షకు రాలేదా? కాగితము పోయినదా? వాని మార్కులు పై వరుసవానికి పడినవా? కడపటిదే నిజమైనచో ఇద్దరి లెక్కయు తప్పినది. పట్టీ మాత్రము చక్కగా కనబడును. (ఇట్టి పట్టీపై మేమును ఒకమారు సంతకము చేసితిమి.)

2025 జూను 12వ తేదీన గూగుల్ క్లౌడ్ సేవలు లోకమంతట స్తంభించెను. ఆ సంస్థ ప్రకటించిన వివరణము ననుసరించి, ప్రతి కోరికకును అనుమతిని, వినియోగపు పరిమితిని చూచు ప్రోగ్రామునందు మే 29న క్రొత్త భాగమొకటి చేర్చిరి. అది శూన్యమును గమనించునది కాదు. జూను 12న కొన్ని గడులు ఖాళీగా నున్న నియమపత్రము చేరి, సెకనులలో అన్ని కేంద్రములకును వ్యాపించెను. ప్రోగ్రాము కూలుచు, లేచుచు, మరల కూలుచుండెను. కారణము 10 నిమిషములలో తెలిసినను, ఒక పెద్ద కేంద్రము తేరుకొనుటకు సుమారు 2 గంటల 40 నిమిషములు పట్టెను.

శూన్యపరీక్ష యున్నచో ఈ పతనము తప్పియుండును. దానిని తేలికగా చూడరాదు. అయినను ఖాళీ పత్రము లోని కెట్లు వచ్చెను? క్షణములో అంతటికి నేల పంపబడెను? క్రొత్త భాగమును మొదట మూసియుంచి కొద్దికొద్దిగా తెరచు మీటను ముందే యేల అమర్చలేదు? పైగా, పరిమితి గడి ఖాళీయైనచో "పరిమితి లేదు" అని గ్రహింపవలెనా, "ఎవరిని రానీయకుము" అనియా? ఆ ఒక్క పంక్తి వ్రాయువాడు తెలియకయే ఈ తీర్పు చెప్పివేయును.

ఖాళీ యుండుటయే సహజమైన చోట్లును గలవు. ఇంట ఫోను లేనివాని ఫోను గడి యట్టిది. అచట పరీక్షయే సరియైన సవరణ. తక్కిన చోట్ల ప్రోగ్రాము కూలకున్నను కేక మాత్రము వేయవలెనని మా యభిప్రాయము. గూగుల్ వారును ఇకపై నట్టి భాగము విఫలమైనను సేవ సాగునట్లు మార్చెదమనియు, అంతటికి పోవు దత్తాంశములను పరీక్షించుచు మెల్లమెల్లగా పంపునట్లు చేసెదమనియు ప్రకటించిరి.