రైఫిల్‌కు మజిల్ బ్రేక్.. భుజానికి ఊరట, చెవులకు ముప్పు!

ఉయ్యూరు: ఎన్‌సీసీ క్యాడెట్లయినా, ఆర్మీ ఉద్యోగానికి సిద్ధమయ్యే కుర్రాళ్లయినా ఫైరింగ్ అనగానే మొదట భయపడేది భుజానికి తగిలే దెబ్బ గురించే. ఆ దెబ్బను తగ్గించేదే మజిల్ బ్రేక్. మరి దీనివల్ల లాభమెంత? నష్టమెంత?

ఎలా పనిచేస్తుంది?
తూటాతో పాటే మందు కాలిన గ్యాస్ కూడా గొట్టంలోంచి వేగంగా ముందుకొస్తుంది. ఈ రెండింటికీ ప్రతిగా తుపాకీ వెనక్కి తంతుంది. గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్‌కు పక్కల రంధ్రాలు ఉంటాయి. గ్యాస్ వాటిలోంచి పక్కలకు, కొంత వెనక్కి మళ్లుతుంది. ఆ మేరకు దెబ్బ తగ్గుతుంది.

లాభాలివే..
గురి చెదరదు. రెండో తూటా త్వరగా పేల్చవచ్చు. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కేటప్పుడే ఉలిక్కిపడే అలవాటూ తగ్గుతుంది. అమెరికా తయారీ బారెట్ ఎం82 లాంటి భారీ రైఫిళ్లకు పెద్ద మజిల్ బ్రేక్ ఉండేది ఇందుకే.

నష్టాలూ ఉన్నాయ్!
అసలు సమస్య శబ్దం. చాలామంది దీన్ని సైలెన్సర్ అనుకుంటారు. నిజానికి ఇది పూర్తిగా రివర్స్! రైఫిల్ శబ్దం మామూలుగానే 140 డెసిబెల్స్ దాటుతుంది. అంత శబ్దం ఒక్కసారి విన్నా వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. మజిల్ బ్రేక్ ఉంటే ఆ మోత కాల్చేవారి వైపు, పక్కనున్న వారి వైపు మళ్లుతుంది. పడుకుని కాలిస్తే దుమ్ము లేచి, ఎక్కడి నుంచి కాల్చారో తెలిసిపోతుంది. తుపాకీ బరువు, పొడవు కూడా పెరుగుతాయి.

ఎవరికి అవసరం?
ఎన్‌సీసీ శిక్షణలో వాడే .22 రైఫిల్‌కు దీని అవసరమే లేదు. అందులో మందు తక్కువ, దెబ్బా తక్కువే. 7.62 ఎంఎం తూటాలతో సంగతి వేరు. డీఆర్‌డీవో, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థతో కలిసి తయారు చేసి 2024 జనవరిలో ఆవిష్కరించిన 'ఉగ్రం' ఈ కోవలోదే. ఇన్సాస్ వాడే 5.56 ఎంఎం తూటా కంటే ఇది శక్తిమంతం కాబట్టి దెబ్బా ఎక్కువే. ఇక అంతర్జాతీయ షూటింగ్ పోటీల్లో రైఫిళ్లకు మజిల్ బ్రేక్ నిషేధం.

ఇవి గుర్తుంచుకోండి..
1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగాలూ ఆయుధాల కిందకే వస్తాయి. లైసెన్స్ ఉంది కదా అని సొంతంగా మార్పులు చేస్తే చిక్కుల్లో పడ్డట్టే. మజిల్ బ్రేక్ ఉన్నా లేకున్నా ఫైరింగ్ రేంజ్‌లో చెవులకు రక్షణ తప్పనిసరి. భుజం నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.