జనవరిలో ద్రాక్షపళ్ళు

మాంత్రికుడంటే మనకు 'పాతాళభైరవి' (1951)లో ఎస్.వి. రంగారావే కళ్ళముందు మెదులుతాడు. తనకేం కావాలో ఆ నేపాళ మాంత్రికుడికి మొదటినుంచి చివరిదాకా తెలుసు. బరంపురంలో 30 ఏళ్ళపాటు నేను పిల్లలకు పాఠంగా చెప్పిన మాంత్రికుడు వేరు. అతను డాక్టర్ ఫాస్టస్. శక్తి చేతికొచ్చాక, అది ఎందుకు కావాలనుకున్నాడో మరచిపోయినవాడు.

ఆ నాటకం రాసినవాడు ఇంగ్లండు కవి క్రిస్టొఫర్ మార్లో. 1593లో, 29 ఏళ్ళకే కత్తిపోటుకు పోయాడాయన. నాటకం 1604లో గానీ అచ్చుకాలేదు. కథ జర్మనీలో మొదలవుతుంది. సామాన్యుల ఇంట పుట్టి, విటెన్‌బర్గ్‌లో చదివి మహాపండితుడైన ఫాస్టస్‌కు తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం, వేదాంతం ఏవీ ఆనవు. లూసిఫర్ అనే సైతానుకు తన ఆత్మను రాసిచ్చి, బదులుగా 24 ఏళ్ళపాటు మెఫిస్టాఫిలిస్ అనే భూతాన్ని నౌకరుగా పుచ్చుకుంటాడు. పత్రం సొంత నెత్తురుతో రాయాలి. రాస్తుండగా నెత్తురు గడ్డకడితే ఆ భూతమే నిప్పులు తెచ్చి కరిగిస్తుంది.

బేరానికి ముందు అతని కోరికలు చూడండి. మన ఇండియానుంచి బంగారం తెప్పించాలి. జర్మనీ చుట్టూ ఇత్తడి గోడ కట్టించాలి. పరాయి ప్రభువును దేశంనుంచి తరమాలి. విద్యార్థులకు పట్టుబట్టలు కట్టబెట్టాలి. దురాశే, కాదనను. కానీ అందులో దేశం ఉంది, చదువుకునే కుర్రాళ్ళున్నారు.

సంతకం అయ్యాక నరకం ఎక్కడుందని అడిగాడు, ఆపైన పెళ్ళాం కావాలన్నాడు. భూతం ఒక పిశాచికి ఆడవేషం వేసి తెచ్చింది. కొంతకాలానికి, ఈ లోకాన్ని ఎవరు చేశారని అడిగితే జవాబు చెప్పనంది. నా లెక్కలో కథ మలుపు తిరిగేది ఇక్కడే, సంతకం దగ్గర కాదు. తెలుసుకోవడానికి ఆత్మనే అమ్ముకున్నవాడికి అసలు ప్రశ్నకే సమాధానం లేదు. అప్పుడు పశ్చాత్తాపపడబోయాడు. లూసిఫర్ వచ్చి బెదిరించి, ఏడు మహాపాపాల చేత వేషం కట్టించి చూపిస్తే పసివాడిలా సంబరపడ్డాడు. రథమెక్కి ఆకాశమంతా చుట్టివచ్చాడు సరే, తరవాతంతా కాలక్షేపమే. రోములో కనపడకుండా నిలబడి పోపుగారి పళ్ళేలు లాక్కున్నాడు. వెక్కిరించిన ఓ వీరుడికి కొమ్ములు మొలిపించాడు. గడ్డిమోపును గుర్రంగా మార్చి ఒక బేరగాడికి అంటగట్టాడు. ఆఖరున హెలెన్ అందాన్ని కోరాడు. అది సరదాకి కూడా కాదు, భయం మరచిపోవడానికి. పట్టుబట్టల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

క్లాసులో ఈ మాట దగ్గరికి రాగానే నా గొంతులో ఏదో అడ్డుపడేది. 1978లో ఉద్యోగం దొరికినప్పుడు, మా వీధి పిల్లలకు ఆదివారాలు తెలుగు అక్షరాలు ఊరికే నేర్పుతానని మా నాన్నగారితో అన్నాను. వాళ్ళ బడిలో తెలుగు లేదు. డజను పలకలు కూడా కొన్నాను. రెండేళ్ళు నడిచింది. ఆ తరవాత ఆదివారాలు ట్యూషన్లకు పోయాయి. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టాను, పలకలు ఆ ఇంటి అటక మీదికి చేరాయి. నన్నెవరూ నెత్తురుతో సంతకం పెట్టమనలేదు.

మొన్న ఎం.ఏ. చదివే మనవరాలికి ఈ నాటకం చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వింటోంది. ఒక ప్రభువు భార్య నిండు చూలాలు. జనవరి చలిలో ఆవిడకు ద్రాక్షపళ్ళ మీద మనసైంది. ఫాస్టస్ భూతాన్ని పంపి క్షణంలో తెప్పించాడు. లోకాన్నేలాలనుకున్నవాడు పళ్ళు అందించే స్థితికి దిగజారాడని చెప్పి ఈ ఘట్టాన్ని దాటించడం నాకు అలవాటు.

"దిగజారడమేమిటండీ? ఇరవైనాలుగేళ్ళలో ఒకరి కడుపు చల్లబరిచింది ఆ ఒక్కరోజేగా!" అంది మా ఆవిడ.

"ప్రభువు బహుమానం ఇస్తాడు కదా, అమ్మమ్మా."

"ఇవ్వనీ. ఇంతకీ ఆ తల్లి తిన్నదా?"

తిన్నదనీ, చాలా మెచ్చుకుందనీ మనవరాలు చదివి చెప్పింది. మా ఆవిడ తృప్తిగా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకింకా సందేహంగానే ఉంది. ఆ రాత్రి చివరి ఘట్టం మళ్ళీ చదివాను. పన్నెండు గంటలు కొడుతుంటే తన పుస్తకాలు తగలబెడతానని కేకలు పెట్టినవాడు, ఆ ద్రాక్షపళ్ళను ఒక్కసారైనా తలచుకోలేదు.